ఐసీయూ దాకా చేరినా మందు పనిచేయకపోతే తప్పెవరిది?

డోలీలో రోడ్డు దాకా, అక్కడి నుంచి అంబులెన్సులో పాడేరు, పాడేరు నుంచి విశాఖ. ఏజెన్సీ మనిషి ఐసీయూ మంచం ఎక్కేసరికి ఎంత టైం పోతుందో మనకి తెలుసు. రక్తంలోకి బ్యాక్టీరియా చేరి సెప్సిస్ అయితే చేతిలో ఉండేవి గంటలే. సరైన యాంటీబయాటిక్ ఎంత లేటయితే ప్రాణానికి అంత ముప్పు.

తీరా చేరాక ఇంకో గండం. మెడ నరంలో పెట్టిన లైను, మూత్రం పైపు, వెంటిలేటర్ గొట్టం ప్రాణం నిలబెడతాయి. శుభ్రత తప్పితే అవే క్రిములకి దారి. ఐసీయూల్లో తిష్ట వేసే ఎసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా మామూలు మందులకి లొంగట్లేదు. ఐసీఎంఆర్ లెక్కల్లో ఎసినెటోబాక్టర్ నమూనాలు పదింటిలో ఎనిమిదికి పైగా కార్బపెనెమ్ మందులకి కూడా లొంగలేదు. ఆ తర్వాత మిగిలేది కొలిస్టిన్ లాంటివి, అవి కిడ్నీలని దెబ్బతీయొచ్చు. మందులకి లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మంది చనిపోయారని అంచనా.

ఈ మాట రాగానే వేలు మనవైపు తిరుగుతుంది. "మీవాళ్లు కోర్సు పూర్తిగా వాడరు, ఆర్ఎంపీ దగ్గర సూదులు వేయించుకుంటారు" అంటారు. పీహెచ్‌సీలో డాక్టరు లేనినాడు మనిషి ఎవరి దగ్గరికి పోవాలి? జలుబుకి, వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ వాడటం తప్పే, కాదనను. కానీ ఐసీయూలో మంచం నుంచి మంచానికి సిబ్బంది చేతుల మీదుగా పాకే క్రిమిని, కొండమీద మనిషి మింగిన నాలుగు మాత్రలకి ముడిపెట్టడం అన్యాయం.

అసలు లోటు పరీక్షలో ఉంది. మొదటి డోసుకి ముందే రక్తం తీసి కల్చర్‌కి పంపితే, రెండు మూడు రోజుల్లో అది ఏ క్రిమో, ఏ మందుకి లొంగుతుందో తెలుస్తుంది. అందాకా అంచనా మీద నడిచిన వైద్యాన్ని రిపోర్టు చూసి మార్చొచ్చు, అక్కర్లేని మందు ఆపొచ్చు. దేశం లెక్కలు కూడా ప్రధానంగా పెద్ద ఆసుపత్రుల నుంచి వచ్చినవే. మన కొండల మీద ఏ క్రిమి తిరుగుతోందో వాటినిబట్టి ఎలా తెలుస్తుంది?

అందుకే అడుగుదాం. ఐటీడీఏ పరిధిలోని ఏరియా ఆసుపత్రుల్లో కల్చర్ బాటిళ్లు, నమూనా ల్యాబుకి చేర్చే బండి కావాలి. ఐసీయూల్లో నీళ్లు, సబ్బు, సరిపడా నర్సులు ఉండాలి. ఆసుపత్రిలో అంటుకున్న ఇన్ఫెక్షన్ల లెక్క బయటపెట్టాలి.

మనవాళ్లకి తోడుగా ఆసుపత్రికి వెళ్లే యువత మూడు ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి. కల్చర్ పంపారా? రిపోర్టులో ఏం వచ్చింది? ఈ లైను ఇంకా అవసరమా? మర్యాదగా అడగండి, కానీ తప్పకుండా అడగండి. అడగడం మన హక్కు.