మన గీతకు వాళ్ల తాళం

త్రీడీ ప్రింటర్ కొన్న ప్రతి ఒక్కరూ ముందుగా అడిగేది ఒకటే: వస్తువును కంప్యూటర్‌లో గీయడానికి ఏ క్యాడ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి? వచ్చే జవాబులూ మారవు. ఫ్యూజన్ ఊరికే వస్తుంది, అది పెట్టుకో. ఉద్యోగం మీద ధ్యాస ఉంటే, కంపెనీల్లో సాలిడ్‌వర్క్స్ వాడతారు, అదే పట్టు. రెండూ తప్పుడు సలహాలే. తనకు కావలసిన వస్తువు తన చేత్తో చేసుకోవాలన్న తపనతో వచ్చినవాడికి మనం చేస్తున్న అన్యాయమిది.

2020 సెప్టెంబరులో ఏం జరిగింది? అభిరుచి కొద్దీ వాడేవాళ్లకు అప్పటిదాకా దాదాపు అన్నీ తెరిచిపెట్టిన ఫ్యూజన్ 360కి ఆటోడెస్క్ కత్తెర వేసింది. మార్పులు చేసుకోగల డాక్యుమెంట్లు 10కి మించకూడదు. సిమ్యులేషన్ లేదు. సీఎన్‌సీ యంత్రంలో టూలు ఒక కోత నుంచి ఇంకో కోతకు గబుక్కున వెళ్లే ర్యాపిడ్ కదలికలు కూడా పోయాయి. గాల్లో కదులుతున్నా సరే, కోత వేగంతోనే పాకాలి. యంత్రానికి చేతకాక కాదు, సాఫ్ట్‌వేర్‌కు రాక కాదు. ఇంట్లో చెక్క చెక్కుకునేవాడి సాయంత్రాన్ని కావాలని తినేసే నిర్ణయం అది! గీసినదాన్ని వేరే క్యాడ్‌లో తెరుచుకునే స్టెప్ ఫైలుగా బయటికి పట్టుకెళ్లే దారి కూడా మూస్తామన్నారు. జనం గొడవ చేశాక ఆ ఒక్కటీ వదిలేశారు. ఆ దారి ఈరోజు తెరిచి ఉందంటే కారణం వాళ్ల ఉదారత కాదు, ఆ గొడవ.

ఇది ఒక్క కంపెనీ కథ కాదు. ఆన్‌షేప్ ఉచిత ఖాతాలో మీరు గీసిన ప్రతిదీ లోకమంతటికీ కనిపించాల్సిందే. సాలిడ్ ఎడ్జ్ కమ్యూనిటీ ఎడిషన్‌లో చేసిన ఫైలు అదే కంపెనీ డబ్బుకు అమ్మే సాలిడ్ ఎడ్జ్‌లో తెరుచుకోదు. కంప్యూటర్‌లో పెట్టుకుని వాడే ఉచిత స్కెచ్‌అప్ 2017తో ఆగిపోయింది. వీటి మీద నెలల తరబడి సాధన చేయడమంటే అద్దె ఇంటికి సొంత డబ్బుతో టైల్స్ వేయించుకోవడమే. కంపెనీకి తన సరుకు మీద హక్కు ఉంది, కాదనను. కానీ మన గీత మీద దానికెందుకు హక్కు?

స్టెప్ ఉందిగా, ఎప్పుడైనా బయటికి తెచ్చుకోవచ్చు అంటారు. ఇక్కడే అసలు మోసం అర్థం కావాలి. 1994 నుంచి ఐఎస్ఓ ప్రమాణంగా ఉన్న స్టెప్ మామూలుగా మోసుకొచ్చేది ఆకారాన్ని మాత్రమే. ఈ రంధ్రం అంచుకు 8 మిల్లీమీటర్ల దూరంలోనే ఉండాలని మీరు పెట్టిన కట్టుబాటు రాదు. ఏ స్కెచ్ మీద ఏది నిలబడిందో చెప్పే ఫీచర్ ట్రీ రాదు. మందం మారితే గోడలన్నీ మారాలని మీరు రాసుకున్న సూత్రం రాదు. చేతికి ఒక మొద్దు ఘనం వస్తుంది, దాని వెనక మీరు చేసిన ఆలోచన అవతలే ఉండిపోతుంది. క్యాడ్‌లో విలువైనది ఆ ఆలోచనే. 1963లో ఐవన్ సదర్లాండ్ ఎంఐటీలో చేసిన స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రామ్ గొప్పతనం తెర మీద గీత గీయడంలో లేదు. ఈ రెండు గీతలూ సమాంతరంగా ఉండాలి అని చెబితే యంత్రం ఆ మాట నిలబెట్టడంలో ఉంది.

అందుకే ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాని ఓపెన్ సోర్స్ ఫ్రీక్యాడ్ నేర్చుకోమంటాను. కష్టమే, దాచను. పార్ట్, పార్ట్ డిజైన్ అని వేర్వేరుగా ఉన్న వర్క్‌బెంచ్‌లలో ఏది ఎక్కడ వాడాలో తెలియక కొత్తవాడు తికమకపడతాడు. ఆకారాల లెక్కలు చేసే దాని లోపలి ఓపెన్ క్యాస్కేడ్ కెర్నెల్ కొన్ని ఫిల్లెట్ల దగ్గర, అంటే అంచులు గుండ్రం చేసేచోట, చేతులెత్తేస్తుంది. సాలిడ్‌వర్క్స్‌లో ఉన్న పారాసాలిడ్ ఆ పని ఇంకా గట్టిగా చేస్తుంది. ఏళ్ల తరబడి ఇంకో పెద్ద రోగం ఉండేది: కింద స్కెచ్‌లో ఒక గీత కలిపితే అంచుల పేర్లు తారుమారై, పైనున్న ఫిల్లెట్ ఇంకో అంచు మీదికి దూకేది, లేదా మోడల్ మొత్తం ఎర్ర గుర్తులతో కూలిపోయేది. ఆ దెబ్బకు విసిగి వెళ్లిపోయినవాళ్లను తప్పుపట్టలేను. కానీ 2002లో మొదలైన ఫ్రీక్యాడ్ 2024 నవంబరులో 1.0కి చేరేసరికి ఆ రోగం చాలావరకు తగ్గింది. ఇప్పటికీ పాత కథ చెప్పి కొత్తవాళ్లను భయపెట్టేవాళ్లు ఒక్కసారి తెరిచి చూడాలి. దాని ఫైలు మామూలు జిప్ మూట, లోపల ఎక్స్‌ఎంఎల్. ఆకారాన్ని కోడ్‌గా రాసే ఓపెన్‌స్క్యాడ్ ఫైలు అయితే ఉత్త అక్షరాలే, నోట్‌ప్యాడ్‌లో చదువుకోవచ్చు. ఏ కంపెనీ మనసు మారినా వాటికి తాళం పడదు.

పోల్చి చూడాలంటే ఫీచర్ల పట్టికలు చదవకండి. రేడియో వాల్యూమ్ నాబ్ ఒకటి గీయండి, డి ఆకారపు 6 మిల్లీమీటర్ల కడ్డీకి సరిపోయేలా. అంచులు గుండ్రం చేసి, పట్టుకు గాళ్లు పెట్టండి. తర్వాత మొదటి స్కెచ్‌లోకి వెళ్లి 6ను 6.35 చేయండి, పావు అంగుళం కడ్డీ కోసం. పైన కట్టిందంతా నిలబడిందా? ఇంటర్నెట్ తీసేసి మళ్లీ తెరవండి. మీ ఫైలు మీకు దొరికిందా? బటన్లు ఎంత అందంగా ఉన్నాయన్నది ఆ తర్వాతి మాట.

మరి ఉద్యోగం సంగతేమిటంటారా? హైదరాబాద్ అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ఆటోక్యాడ్, క్యాటియా, క్రియో అని రాసి అమ్మేదాంట్లో ఎక్కువ భాగం బటన్ల వరుస. వెర్షన్ మారితే ఆ వరుస మారుతుంది. స్కెచ్‌ను పూర్తిగా కట్టడం, ఏ తలం నుంచి కొలవాలో ఎంచుకోవడం, మార్పును తట్టుకునే క్రమంలో ఫీచర్లు పేర్చడం ఎక్కడ నేర్చుకున్నా ఒకటే. ఫ్రీక్యాడ్‌లో అవి పట్టుబడినవాడు సాలిడ్‌వర్క్స్ ముందు కూర్చుంటే కొత్తగా తెలుసుకోవాల్సింది మెనూలు. బటన్లు మాత్రమే నేర్చినవాడు ఏ తెర ముందైనా మొదటినుంచి మొదలుపెట్టాల్సిందే. ఈ తేడా తెలిసీ ఫీజు కట్టించుకునేవాళ్ల మీద నాకు కోపం ఉంది.

తెలుగులో క్యాడ్ వీడియోలు చేసేవాళ్లను అడుగుతున్నాను. పైరసీ కాపీ ఎలా ఎక్కించాలో చూపించడం ఆపండి. నాబ్ లాంటి చిన్న వస్తువు తీసుకుని, ఫ్రీక్యాడ్ 1.0లో ఖాళీ స్కెచ్ నుంచి ప్రింటర్ దాకా ఒక్క అడుగూ దాటవేయకుండా చేసి చూపించండి. ఫిల్లెట్ విరిగితే వీడియోలోంచి కత్తిరించకండి, ఎందుకు విరిగిందో, ఏ క్రమంలో పెడితే నిలబడిందో చెప్పండి. చివర ఆ ఫైలు కూడా చూసేవాళ్ల చేతికివ్వండి.