తాళంచెవి ఎవరి దగ్గర?

మా కాలనీలో రెండు బ్లాకుల మధ్య ఖాళీగా పడి ఉన్న స్థలంలో ఏం కట్టాలన్న చర్చ ఆరు నెలలుగా సాగుతోంది. కొందరు జిమ్ కావాలంటారు. కొందరు పుట్టినరోజులకూ సీమంతాలకూ పనికొచ్చే హాలు కావాలంటారు. ఇంకొందరు కార్లు పెట్టుకోనిస్తే చాలంటారు. మాట్లాడేవాళ్లంతా పెద్దవాళ్లే. సాయంత్రం అయిదు దాటాక ఆ స్థలంలో కనిపించేది మాత్రం మేమే. ఇది చదువుతున్న మీలో చాలామంది క్వార్టర్సులోనే ఉంటారు, మీ దగ్గరా ఇలాంటి చర్చే నడుస్తూ ఉంటుంది. కాబట్టి బదిలీల మీద ఊళ్లు తిరిగే పిల్లల తరఫున ఒక మాట చెప్పాలని ఉంది.

కాలనీలో కొత్తగా ఏం కట్టాలన్నా ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. నిన్ననే లారీలోంచి సామాను దింపుకుని, ఎవరి పేరూ తెలియక, ఇక్కడి భాష రాక గేటు దగ్గర నిలబడ్డ పిల్ల ఈ సాయంత్రమే దాన్ని వాడుకోగలదా?

హాలు ఈ ప్రశ్నకు నిలబడదు. దానికి తాళం ఉంటుంది, తాళంచెవి ఎవరి ఇంట్లోనో ఉంటుంది, వాడుకోవాలంటే ముందుగా రాయించుకుని డబ్బు కట్టాలి. ఏడాదిలో ఎక్కువ రోజులు మూసే ఉంటుంది. సభ్యత్వం అడిగే క్లబ్బుదీ ఇదే సంగతి. ఫారం నింపి, నాన్నగారి సంతకం పెట్టించి, కార్డు వచ్చేసరికి నెల గడిచిపోతుంది. కొత్త ఊళ్లో అన్నిటికంటే బరువుగా గడిచేది ఆ మొదటి నెలే కదా. ఇక పచ్చగా పెంచి, నడవరాదని బోర్డు పెట్టిన లాన్ గురించి చెప్పేదేముంది! అది బాల్కనీలోంచి చూసేవాళ్ల కోసం.

నేల మీద గీసిన కోర్టుకు ఈ చిక్కులేవీ లేవు. పక్కన పది నిమిషాలు నిలబడితే ఎవరో ఒకరు ‘ఒకరు తక్కువయ్యారు, వస్తావా’ అని సైగ చేస్తారు. ఆ సైగ అర్థం కావడానికి హిందీ రావాలా, ఒడియా రావాలా? ‘ఔట్’ అన్న మాట దేశమంతటా ఒక్కటే. దాని మీద గొడవపడే తీరు కూడా ఒక్కటేలెండి.

స్థలం ఎక్కువ పడుతుందన్నది చాలామందికి ఉన్న అపోహ. షటిల్ కోర్టుకు కావలసింది 13.4 మీటర్ల పొడవు, 6.1 మీటర్ల వెడల్పు, చుట్టూ కాస్త ఖాళీ. బ్లాకుల మధ్య గాలి ఎక్కువగా ఉంటే షటిల్ నిలవదు. అప్పుడు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పుతో వాలీబాల్ కోర్టు గీసుకోవచ్చు. ఇంకా జాగా ఉంటే, మన ఆంధ్రా వైపు పెద్దవాళ్లు ఇష్టంగా ఆడే బాల్ బ్యాడ్మింటన్ ఉంది. ఆ ఉన్ని బంతి షటిల్‌లాగా గాలికి కొట్టుకుపోదు. వాలీబాల్ నెట్ ఎత్తు మగవాళ్లకు 2.43 మీటర్లు, ఆడవాళ్లకు 2.24 మీటర్లు. స్తంభాలకు ఇంకా కింద రెండు కొక్కేలు వేయిస్తే అయిదో తరగతి పిల్లలు కూడా ఆడగలరు. ఈ కొక్కేల సంగతి పెద్దవాళ్ల సమావేశాల్లో ఎవరికీ తట్టదు. మమ్మల్ని అడగాలనేది అందుకే.

పి.వి.సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. ఆమె బ్యాడ్మింటన్‌లో ఓనమాలు దిద్దింది సికింద్రాబాద్‌లో రైల్వే సిగ్నల్ ఇంజినీరింగ్ సంస్థ ఆవరణలోని కోర్టుల్లో. తర్వాత 2016లో రియోలో రజతం, 2019లో ప్రపంచ చాంపియన్‌షిప్ స్వర్ణం గెలిచింది. ఈ కథ చెబితే ఏ కమిటీ అయినా తలూపుతుంది. కానీ నా వాదన పతకాల గురించి కాదు. ఆ కోర్టుల్లో ఆడి ఏ పతకమూ గెలవని పిల్లలు ఎందరో ఉండి ఉంటారు. వాళ్ల సాయంత్రాలు బాగా గడిచాయి కదా, కోర్టు కట్టడానికి ఆ కారణం చాలు.

ఆట ఇష్టం లేనివాళ్లకు ఏమిటి అంటారా? ఒక గదీ, నాలుగు అరలూ. బదిలీ వచ్చినప్పుడు ప్రతి ఇంట్లో జరిగేదే చూడండి. అట్టపెట్టెలు నిండిపోతాయి, పుస్తకాలు బరువని అమ్మ గోల పెడుతుంది, పాత పుస్తకాలూ, ఒక కాయిన్ తగ్గిన క్యారమ్ బోర్డూ, పొట్టిదైపోయిన సైకిలూ పాత సామాన్ల వాడికి పోతాయి. వెళ్లేవాళ్లు వాటిని ఆ గదిలో వదిలితే వచ్చేవాళ్లకు అవే ఆస్తి. ముఖ్యంగా తెలుగు పుస్తకాలు. మనలో చాలామంది ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే మాత్రం కూడబలుక్కుంటారు. భోపాల్‌లోనో జోధ్‌పూర్‌లోనో తెలుగు పుస్తకం కొందామంటే దుకాణం ఎక్కడుంది? ఎవరో వదిలి వెళ్లిన నాలుగు పాత చందమామలు దొరికితే, బొమ్మల కోసం తెరిచినవాళ్లు కథ దాకా వెళతారు. పక్కన తమిళం, బెంగాలీ, మలయాళం అరలూ ఉంటాయి. ఈ గదికి తాళం మాత్రం వద్దు. పుస్తకాలు పోతాయంటారు, పోనివ్వండి. చదవడానికే కదా పట్టుకెళ్లేది.

దీనికంతకూ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. పైకప్పు కారుతోంది, పై అంతస్తుకు నీళ్లు ఎక్కడం లేదు, ఆటలకు డబ్బెక్కడిది అంటారు. నిజమే, నీళ్లే ముందు. అయితే గీతలకూ, రెండు స్తంభాలకూ, ఒక దీపానికీ అయ్యే ఖర్చు హాలు ఖర్చులో ఏ మూలకు? పైగా ఉద్యోగుల కుటుంబాల వినోదం కోసం ప్రభుత్వమే కొన్ని దారులు పెట్టింది. రైల్వేలో స్టాఫ్ బెనిఫిట్ ఫండ్ ఉంది. ఢిల్లీ లాంటి చోట్ల కేంద్ర ఉద్యోగుల కాలనీల్లో గృహ కల్యాణ్ కేంద్ర సమాజ్ సదన్‌లు నడుపుతోంది. ఆడుకోవడం పిల్లల హక్కని చెప్పే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను మన దేశం 1992లోనే అంగీకరించింది. కాబట్టి మేం అడుగుతున్నది గారాబం కాదు.

దీపం అన్నాను కదా, అది ఆడపిల్లల కోసం కూడా. చీకటి పడితే మగపిల్లలు వీధి దీపం కింద ఇంకో గంట క్రికెట్ ఆడతారు. మమ్మల్ని ఇంట్లోకి పిలిచేస్తారు. కోర్టు మీద ఎనిమిదింటిదాకా వెలుతురుంటే, అమ్మలు నడిచే బాట ఆ పక్క నుంచే వేస్తే, ఎవరూ పిలవాల్సిన పని ఉండదు.

చివరిది చాలామందికి నచ్చకపోవచ్చు. బయటి పిల్లలకు ప్రవేశం లేదన్న బోర్డు కొత్త కోర్టు దగ్గర పెట్టకూడదు. కాపలాదారు కొడుకూ, మన ఇళ్లలో పనిచేసే ఆంటీ కూతురూ రోజంతా ఈ కాలనీలోనే ఉంటారు. చాలాసార్లు మనకంటే ఎక్కువ ఏళ్లుగా ఉంటారు. మూడేళ్లకోసారి కొత్త ఊళ్లో బయటివాళ్లుగా దిగే మనం వాళ్లను బయటి పిల్లలంటే ఎలా? ఎవరో ఒకరు తక్కువైన సాయంత్రం ఆట ఆగకుండా నడిచేది వాళ్ల వల్లే. కమిటీకి ఇవ్వబోయే అర్జీలో ఈ మాట కూడా రాశాం. ఇప్పటికి పద్నాలుగు సంతకాలు అయ్యాయి, అందులో రెండు కాపలాదారు పిల్లలవి.