ఉబ్బితే మునగలేం, వణికితే ఉండలేం

డ్రైసూట్ అంటే వెచ్చగా ఉంచే సూట్ అని చాలామంది అనుకుంటారు. కాదండీ. నీళ్లు లోపలికి రాకుండా చూడటమే దాని పని. నేను వాడే ట్రైలామినేట్ రకమైతే మరీను, రెయిన్‌కోటుకి మెడ దగ్గరా మణికట్ల దగ్గరా రబ్బరు పట్టీలు బిగించినట్టే ఉంటుంది. వెచ్చదనమంతా లోపల వేసుకునే బట్టలదే. లోదుస్తులు అంటే మనకి ఇంకేదో గుర్తొస్తుంది కాబట్టి, అండర్‌సూట్ అనే అందాం.

విశాఖ రుషికొండ దగ్గర డైవ్ చేసేవాళ్లకి ఈ గొడవే లేదు. సన్నపాటి వెట్‌సూట్ ఉంటే చాలు. నేనుండే సియాటెల్ సంగతి వేరు. ఎండాకాలంలో గట్టు మీద చెమటలు కక్కుతున్నా, ప్యూజెట్ సౌండ్ అడుగున నీళ్లు మాత్రం ఏడాది పొడుగునా దాదాపు 8 నుంచి 12 డిగ్రీల మధ్యే. పైగా నీరు మన ఒంట్లోని వేడిని గాలికంటే పాతిక రెట్లు వేగంగా లాగేస్తుంది.

మా బాబాయి కొడుకు ఈమధ్యే రెడ్‌మండ్‌లో ఉద్యోగంలో చేరాడు. చేరీ చేరగానే డ్రైసూట్ కోర్సుకి పేరిచ్చేశాడు. మొన్న వాట్సాప్‌లో ఓ అండర్‌సూట్ ఫొటో పంపాడు. చూస్తే బొంతకి కాళ్లూ చేతులూ కుట్టినట్టుంది.

“అక్కా, ఉన్నవాటిలో ఇదే మందం. ఇది కొంటే ఇక చలే ఉండదు కదా?”

“కొనుక్కోరా, కాకపోతే దాంతోపాటు సీసం కూడా కొనుక్కో” అన్నాను.

వాడు జోక్ అనుకున్నాడు. లెక్క చూడండి. అండర్‌సూట్ వెచ్చగా ఉంచేది పోగుల మధ్య చిక్కుకున్న గాలితో. బట్ట ఎంత బొద్దుగా ఉంటే లోపల అంత గాలి. అదనంగా చేరే ప్రతి లీటరు గాలికీ, మునగాలంటే నడుముకి సుమారు కిలో సీసం కట్టుకోవాలి. నాలుగు లీటర్లు పెరిగితే నాలుగు కిలోలు. ఆ బరువంతా మోస్తూ గట్టు మీద నుంచి నడిచి నీళ్లలోకి దిగాలి, మళ్లీ ఎక్కాలి.

అసలు ప్రమాదం బరువు కూడా కాదు. 10 మీటర్ల లోతులో సూట్‌లోని గాలి సగానికి తగ్గిపోతుంది, 20 మీటర్ల దగ్గర మూడో వంతే మిగులుతుంది. సూట్ ఒంటిని నొక్కేస్తుంది కాబట్టి మనం ఇంకాస్త గాలి నింపుతాం. పైకొచ్చేటప్పుడు అదంతా ఉబ్బుతుంది. సూట్‌లో ఎంత ఎక్కువ గాలి ఉంటే దాన్ని అదుపులో పెట్టడం అంత కష్టం. అది కాళ్లలోకి చేరిందా, తలకిందులై బుడగలా పైకి తేలిపోతాం. కొత్తవాళ్లకి ఇన్‌స్ట్రక్టర్లు మొదట నేర్పేవాటిలో దీన్నుంచి బయటపడటం ఒకటి.

అలాగని పల్చటివి వేసుకుని వణకమని కాదు. అమెరికా నేవీ ఎక్స్‌పెరిమెంటల్ డైవింగ్ యూనిట్ 2007లో ఇచ్చిన నివేదిక ప్రకారం, అడుగున వెచ్చగా ఉండి పైకొచ్చే దశలో చలికి గురైనవాళ్లకి డీకంప్రెషన్ సిక్‌నెస్ ముప్పు పెరుగుతుంది. చాలని అండర్‌సూట్‌తో దిగితే జరిగేది సరిగ్గా అదే కదా! మొదటి ఇరవై నిమిషాలు హాయిగా ఉంటుంది, చివర్లో పళ్లు టకటకలాడతాయి.

అందుకే చూడాల్సింది మందం కాదు, నొక్కితే ఏమవుతుందన్నది. షాపులో బట్టని అరచేతుల మధ్య పెట్టి గట్టిగా పిండండి. చపాతీలా అణిగిపోతే నీళ్లలోనూ అంతే. ఈకల జాకెట్లు ఇక్కడే ఫెయిలవుతాయి, తడిస్తే మరీ ముద్దైపోతాయి. థిన్సులేట్ లాంటి సన్నపోగుల నింపుడు ఒత్తిడికి కాస్త తట్టుకుంటుంది, తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. సూట్ ఎప్పుడో ఒకప్పుడు లీకవుతుంది కాబట్టి నా ఓటు దానికే.

ఒంటికి ఆనుకునే పొర మెరినో ఉన్నిగానీ, చెమటని బయటికి లాగే పాలియెస్టర్‌గానీ అయ్యుండాలి. కాటన్ బనీను మాత్రం వద్దే వద్దు. మన ఊళ్లో కాటన్‌ని మించింది లేదు, ఒప్పుకుంటా. ఇక్కడ మాత్రం అది చెమట పీల్చుకుని వీపుకి తడిగుడ్డలా అంటుకుంటుంది. ఆ పైన మధ్యరకం అండర్‌సూట్, బాగా చలి రోజుల్లో మధ్యలో ఓ ఫ్లీస్ వెస్టు. ఛాతీకి, వీపుకి పొర పెరుగుతుంది, చేతులు మాత్రం స్వేచ్ఛగా కదులుతాయి.

ఆ కదలికే నాకన్నిటికంటే ముఖ్యం. అండర్‌సూట్ వేసుకుని, పైన సూట్ కూడా తొడుక్కుని, గుంజీలు తీయండి. చెయ్యి తల వెనక్కి పెట్టి సిలిండర్ వాల్వ్ ఉండేచోటు అందుకోండి. అందకపోతే అది ఎంత వెచ్చటిదైనా తిరిగిచ్చేయండి. ఆడవాళ్లకి ఇంకో మాట: మగవాళ్ల కొలతల్లో చిన్న సైజు తీసుకుంటే తుంటి దగ్గర బిగుతు, భుజాల దగ్గర వదులు. మనకోసం కుట్టినవి దొరుకుతున్నాయి, అడగండి.

అండర్‌సూట్ చేతి అంచు మణికట్టు సీల్ కిందకి వెళ్తే ఆ దారిన నీళ్లు చక్కగా లోపలికొస్తాయి, దిగేముందు వేలితో తడిమి చూసుకోవాలి. సాక్సులు రెండు జతలు బిగించి తొడిగితే రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. వదులుగా ఒకటే మందపు ఉన్ని జత చాలు. బ్యాటరీతో వేడెక్కే వెస్టులు బాగానే ఉంటాయి గానీ, అది మధ్యలో ఆగిపోయినా పైకి రాగలిగేంత బట్ట లోపల ఉండాల్సిందే.

మావాడు చివరికి మధ్యరకం థిన్సులేట్‌ది, ఒక మెరినో జత కొన్నాడు. శనివారం అల్కై దగ్గర సీక్రెస్ట్ తీరంలో సీసం లెక్క చూసుకోబోతున్నాం. నిలబడేంత లోతులోనే, రెండేసి కిలోలు తగ్గిస్తూ. ఫ్లాస్కు నిండా అల్లం టీ నేను తెస్తున్నా, పొడి బట్టలు ఇంకో జత తెచ్చుకోమని వాడికి చెప్పాను.