డిడ్‌సెట్ చాలదు

స్విఫ్ట్ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునే పిల్లలకు కొందరు మొదటి పాఠాల్లోనే ఒక హెచ్చరిక చేస్తున్నారు. ప్రాపర్టీ ర్యాపర్ల జోలికి వెళ్లొద్దు, అవి సీనియర్ల వ్యవహారం, మీకు డిడ్‌సెట్ చాలు అని. పిల్లల మీద జాలితో చెప్పినా ఇది తప్పుడు సలహానే.

డిడ్‌సెట్ అంటే ప్రాపర్టీ విలువ మారిన వెంటనే నడిచే కోడ్. అది ఎంతవరకు చాలుతుందో చూద్దాం. ఒక కుర్రాడు మార్కుల యాప్ రాస్తున్నాడనుకోండి. తెలుగు, లెక్కలు, సైన్సు. ఏ మార్కూ సున్నాకు తగ్గకూడదు, 100 దాటకూడదు. తెలుగుకు డిడ్‌సెట్ రాసి, మిగతా రెండింటికీ కాపీ చేసుకున్నాడు. సైన్సు దగ్గర లోపలి పేరు మార్చడం మరిచిపోయాడు. ఇక సైన్సు మార్కు మారినప్పుడల్లా తెలుగు మార్కును సరిచూస్తుంటుంది. కంపైలర్ నోరెత్తదు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. టైపు తన సొంత ఇనిట్‌లో విలువ పెట్టుకునేటప్పుడు డిడ్‌సెట్ నడవదు, అది స్విఫ్ట్ నియమం. 140 మార్కులతో కొత్త రికార్డు తయారుచేస్తే ఆ 140 అలాగే కూర్చుంటుంది.

ఈ రెండు చిక్కులనూ తీర్చే ర్యాపర్ అంటే మామూలు స్ట్రక్టే. దాని నెత్తిన ప్రాపర్టీ ర్యాపర్ అని ఒక గుర్తు, లోపల ర్యాప్డ్‌వాల్యూ అనే ప్రాపర్టీ. గెట్‌లో దాచిన అంకె ఇవ్వాలి. సెట్‌లో కొత్త అంకెను హద్దులోకి తెచ్చి దాచాలి. ఇనిట్‌లోనూ అదే చెయ్యాలి. ఇక్కడ మరిస్తే 140 మళ్లీ దూరుతుంది. తర్వాత @ గుర్తు పెట్టి ఆ స్ట్రక్ట్ పేరును మూడు మార్కుల ముందూ రాస్తే సరి. నియమం ఒక్కచోటే ఉంటుంది. స్ట్రక్ట్, గెట్, సెట్, ఇనిట్ వచ్చినవాడికి ఇందులో కొరుకుడు పడనిది ఏముంది?

ఈ సదుపాయం 2019లో స్విఫ్ట్ 5.1తో వచ్చింది. యాప్ తెరలు కట్టే స్విఫ్ట్‌యూఐ కూడా ఆ ఏడాదే వచ్చింది, దీని మీదే నిలబడింది. బటన్ నొక్కితే అంకె పెరిగే తొలి యాప్‌లోనే @స్టేట్ అని రాయిస్తారు కదా, అది ర్యాపరే. ముట్టుకోవద్దన్న వస్తువును తొలిరోజే చేతిలో పెట్టి, అదేమిటో చెప్పకుండా దాటేస్తే పిల్లలకు అది మంత్రంలాగే కనిపిస్తుంది. ఆ భయం మనం పెట్టిందే.

ఒక్కటి ఒప్పుకుంటాను. నియమం ఒకే ప్రాపర్టీకి పరిమితమైతే ర్యాపర్ అక్కర్లేదు. 140ని చప్పుడు చెయ్యకుండా 100 చేసెయ్యడం సబబేనా అని కూడా అడగొచ్చు. నేనైతే మార్కులు ఎక్కించే టీచరుకు తప్పు చూపించమనే అంటాను. కానీ ఆ తగువు నియమం గురించి. డిడ్‌సెట్‌లో రాసినా అదే ప్రశ్న వస్తుంది.

పాఠాలు చెప్పేవారికి నా విన్నపం ఒకటే. @స్టేట్ రాయించిన వారంలోనే పిల్లల చేత సొంత ర్యాపర్ ఒకటి రాయించండి. ఈ మార్కుల హద్దుకు ఇరవై లైన్లు కూడా పట్టవు.