బొప్పాయి గింజ నట్టలకు సరే, కొక్కెరకు టీకానే కావాలి

కరువు అనగానే మన జిల్లాలో మొదట చెనిక్కాయ పంట గుర్తొస్తుంది, తర్వాత ఎండిన బోరు, ఆ తర్వాత సంతలో అమ్ముకున్న ఎద్దులు. ఇంటి ముందు గంప కింద మూసిన కోళ్ల మాట ఎవరూ ఎత్తరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ మెట్ట నేలలో, పంట పోయిన ఏడు చాలా ఇళ్లల్లో ఉప్పూపప్పూ, పిల్లల నోటు పుస్తకాలూ వచ్చేది ఆ కోళ్లూ గుడ్లూ అమ్మిన డబ్బుతోనే. అది ఆడవాళ్ల చేతి డబ్బు. బ్యాంకు అప్పుకు జమ అయ్యేది కాదు, షావుకారు పద్దులో చేరేది కాదు. ఎండాకాలం మొదట్లో రోగం తగిలి వారం తిరిగేసరికి గంప ఖాళీ అయితే ఆ ఇంటికి అది చిన్న నష్టం కాదు.

ఈ మధ్య ఫోన్లలో ఒక మాట తిరుగుతోంది. బొప్పాయి ఆకు, గింజ పెడితే కోళ్లకు ఏ రోగమూ రాదని. ఇందులో కొంత నిజముంది, కొంత ప్రమాదముంది. రెండూ విడదీసి చెప్పుకోవడం అవసరం.

మొదట నిజం సంగతి. పెంటకుప్ప గీరి తినే కోడి కడుపులో నట్టలు చేరడం మామూలే. వాటిలో ముఖ్యమైనవి తెల్లటి ఏలికపాములు. రెట్టతో బయటపడిన వాటి గుడ్లు తేమ, వెచ్చదనం దొరికితే రెండు మూడు వారాల్లోనే ఇంకో కోడికి సోకేంతగా తయారవుతాయి. మూడు నెలల లోపు పిల్లల మీద దెబ్బ ఎక్కువ. మేత తింటున్నా రొమ్ము ఎముక తేలుతుంది, రెక్కలు జారుతాయి, తురాయి పాలిపోతుంది. పెట్టలకు గుడ్లు తగ్గుతాయి.

బొప్పాయి పనిచేసేది ఇక్కడే. పచ్చికాయ పాలలో పపైన్ అనే పదార్థం ఉంది. అది మాంసకృత్తులను కరిగిస్తుంది. ముదురు మాంసం త్వరగా ఉడకాలని పచ్చి బొప్పాయి ముక్క వేసేది అందుకే. నట్టల ఒంటి పొరను దెబ్బతీసేదీ అదే. గింజలోని ఘాటు ఆవాల ఘాటు జాతిది. అది కూడా నట్టలకు పడదు. నైజీరియాలో కడుపులో పురుగులున్న 60 మంది పిల్లల మీద చేసిన పరీక్ష 2007లో అచ్చయింది. ఎండు బొప్పాయి గింజల పొడి తేనెతో తీసుకున్న 30 మందిలో 23 మందికి పురుగులు పోయాయి. ఉత్త తేనె తీసుకున్న 30 మందిలో ఐదుగురికే పోయాయి. అది మనుషుల మీద చేసిన చిన్న పరీక్షే. అయినా గింజలో బలం ఉందని చెప్పడానికి పనికొస్తుంది.

మన జిల్లాలో ఈ గింజకు కరువు లేదు. బోర్ల కింద రెడ్ లేడీ బొప్పాయి వేసిన తోటల్లో వ్యాపారులు ధర దించేసినప్పుడు కాయ చెట్టు మీదే మాగి రాలిపోతుంది. ఆ గింజలు కడిగి, ఎండబెట్టి, దంచి, రాగి సంకటి ముద్దలో కొద్దిగా కలిపి పొద్దున్నే గంప ఎత్తగానే పెట్టొచ్చు. మంచిది కదా అని రోజూ పెట్టకూడదు. ఎక్కువ మోతాదులో గింజ పెట్టిన మగ ఎలుకల్లో సంతాన శక్తి తగ్గినట్టు పరీక్షల్లో తేలింది. ఇంకో సంగతి, గూడు ఊడ్చి రెట్ట ఎత్తేయకపోతే ఏ మందు పెట్టినా నట్టలు మళ్లీ వస్తాయి.

ఇక ప్రమాదం సంగతి. గంపలు ఖాళీ చేసేది నట్టలు కాదు, కొక్కెర తెగులు. ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్‌లో 1920లలో బయటపడింది కాబట్టి డాక్టర్లు రాణీఖేత్ వ్యాధి అంటారు. ఇది వైరస్. పచ్చటి రెట్ట, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ మెలితిరగడం దీని గుర్తులు. వచ్చాక మందు లేదు. బొప్పాయి దీన్ని ఆపలేదు, ఇంకే ఆకూ ఆపలేదు. ఆపేది టీకా ఒక్కటే. పిల్లకు వారం లోపు కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క వేయాలి, ఎనిమిది వారాలకు ఆర్‌టూబీ సూది వేయాలి. ఆర్‌టూబీ మన దేశంలోనే, ముక్తేశ్వర్ పరిశోధన సంస్థలో 1940లలో తయారైన టీకా. ఇన్నేళ్లయినా మన గంపల దాకా సరిగా రాలేదు.

ఎందుకు రాలేదు? సీసా తెరిస్తే సాధారణంగా వంద కోళ్లకు సరిపడా మందు ఉంటుంది. ఐసులో పెట్టి తేవాలి. కలిపాక ఒకటి రెండు గంటల్లో వాడేయాలి. ఎనిమిది కోళ్లున్న అక్క ఒక్కతే దాన్ని కొని తెచ్చుకోలేదు. వేలకు వేలు పెంచే ఫారాలకు కుదిరే పద్ధతి ఇది, మన పెరటికి కుదరదు. ఊరంతా ఒకే రోజు వేయించుకుంటేనే పని జరుగుతుంది. ఆ రోజు ఏర్పాటు చేయడం పశుసంవర్ధక శాఖ బాధ్యత. నాటు మందులు ఉన్నాయి కదా అని శాఖ చేతులు దులుపుకుంటే మనం ఒప్పుకోకూడదు.

గింజకూ టీకాకూ పోటీ పెట్టనక్కర్లేదు. నట్టలున్న కోడికి టీకా సరిగా పట్టదు. టీకాకు వారం ముందు నట్టలు తీసేయమని పశువైద్యులే చెబుతారు. ఆ వారంలో గింజ పనికొస్తుంది. కానీ ఇన్ని కోళ్లకు ఇంత పొడి అని రాసిన కాగితం ఇంతవరకు మన ఊళ్లకు రాలేదు. తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం 2005 నుంచి ఉంది. రెడ్డిపల్లిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. మన నాటుకోళ్ల మీద, మన బొప్పాయి గింజతో పరీక్ష చేసి, కొలత తేల్చి, తెలుగులో ఒక పేజీ అచ్చేసి ఇమ్మని ఆ రెండింటినీ అడుగుదాం. ఆ కాగితం వచ్చేదాకా, కోళ్లు బాగా చిక్కిపోతే ఆసుపత్రి నట్టల మందే వాడాలి.

ప్రతి గ్రామ శాఖకూ మా మాట ఇది. సంక్రాంతి దాటిన వారంలో ఊళ్లో కోళ్లున్న ఇళ్లెన్ని, కోళ్లెన్ని అని ఇల్లిల్లూ తిరిగి రాయండి. ఎండలు ముదరక ముందే ఫలానా రోజు టీకా కావాలని ఆ లెక్కతో మండల పశువైద్యశాలలో అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. అర్జీ మీద మొదటి సంతకాలు కోళ్లు సాకే ఆడవాళ్లవే ఉండాలి.