కూటమి లేనిదే సింహాసనం లేదు

గుజరాత్‌లోని గిర్ అడవిలో జై, వీరూ అంటే ‘షోలే’ హీరోలు కాదు, రెండు మగ సింహాలు. కలిసి తిరిగేవి, కలిసి ఇలాకాను కాచుకునేవి. 2025లో రెండూ వేర్వేరు చోట్ల ఉన్న సమయం చూసి ప్రత్యర్థి సింహాలు మీద పడ్డాయి. వైద్యం చేసినా గాయాలు మానలేదు. జూన్‌లో వీరూ పోయింది, జూలై ఆఖర్న జై పోయింది.

సింహం సింగిల్‌గానే వస్తుందన్న సినిమా డైలాగును మన నాయకుల ఫ్లెక్సీలు ఇంకా వదల్లేదు. అడవిలో సింగిల్‌గా తిరిగే మగ సింహం చాలావరకు ఇల్లూ వాకిలీ లేని దేశదిమ్మరి. ఈడుకొచ్చిన మగపిల్లలకు పుట్టిన మందలో చోటుండదు. అన్నదమ్ములుంటే కలిసి బయటపడతాయి. లేనివి దారిలో తగిలిన మరో ఒంటరితో జట్టు కడతాయి. టాంజానియాలోని సెరెంగెటిలో క్రెయిగ్ ప్యాకర్, ఆన్ పూసీ ఏళ్ల తరబడి గమనించి తేల్చిన సంగతి ఇది: ఇద్దరు ముగ్గురి జట్లలో బయటివాళ్లూ ఉంటారు, అంతకు మించిన ముఠాలో అందరూ రక్తబంధువులే. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. పెద్ద ముఠాలో కొందరికి సంతానయోగం ఉండదు. అన్న పిల్లల కోసం తమ్ముడు సర్దుకుంటాడు, పరాయివాడెందుకు సర్దుకుంటాడు?

ఇలాకా కాపలాలో పంజా దెబ్బ ఆఖరి అంకం. దానికి ముందు చాలా తతంగం ఉంది. పొదల మీద మూత్రం చిమ్మడం, నేలను గోళ్లతో గీరడం, రాత్రిళ్లు గర్జించడం. నిశ్శబ్దంగా ఉన్న రాత్రి ఆ గర్జన ఎనిమిది కిలోమీటర్ల దాకా వినిపిస్తుంది. సొంత ఇలాకా లేని మగవి మాత్రం గర్జించవు. నోరు విప్పితే ఎక్కడున్నదీ తెలిసిపోతుంది మరి! సెరెంగెటిలో పరాయి మగవాటి గర్జనలను లౌడ్‌స్పీకర్‌లో వినిపించి చూశారు. అక్కడి మగ సింహాలు తోడున్నది అన్నదమ్ముడా కాదా అన్న తేడా లేకుండా శబ్దం వచ్చిన వైపు కదిలాయి.

ఎదుటివాడి సత్తాను జూలు కూడా చెబుతుంది. ప్యాకర్, పేటన్ వెస్ట్ నిలువెత్తు బొమ్మ సింహాలకు రకరకాల జూళ్లు తొడిగి మైదానంలో నిలబెట్టారు. మగవి పొట్టి జూలు బొమ్మ వైపే ధైర్యంగా వెళ్లాయి, పొడవు జూలుకు దూరం జరిగాయి. ఆడసింహాలకు నల్ల జూలు నచ్చింది. 2002లో అచ్చయిన ఈ ప్రయోగం చదివితే, అనవసరమైన కొట్లాటకు సింహం ఎంత వెనకాడుతుందో తెలుస్తుంది.

కూటమి అన్నాక సీట్ల సర్దుబాటు తప్పదు కదా. గిర్‌లో స్తోత్ర చక్రవర్తి, యాదవేంద్రదేవ్ ఝాలా లెక్కలు తీస్తే, జోడీలో పెద్దదానికి 70 శాతానికి పైగా జతకట్టే అవకాశాలు దక్కుతున్నాయి, తిండిలోనూ దానిదే పెద్ద వాటా. అయినా చిన్నది వదిలిపోదు. ఒంటరిగా ఉంటే దక్కేది ఇంకా తక్కువ.

ముఠా బలం ఎక్కడిదాకా పోతుందో చూడాలంటే దక్షిణాఫ్రికాలోని సాబీ శాండ్స్‌కు వెళ్లాలి. 2006 నుంచి అక్కడ ‘మపోగో’ అనే ఆరు మగ సింహాలు చుట్టుపక్కల మందలను గడగడలాడించాయి. ఎదురొచ్చిన మగవాటినే కాదు, ఆడవాటినీ కూనలనూ చంపాయి. 2010లో మజింగిలానే అనే కొత్త ముఠా చేతిలో వాటిలో ఒకటైన కింకీ టెయిల్ హతమైంది. దానితో జోడీగా తిరిగిన మిస్టర్ టీ ఆ తర్వాత ఏం చేసింది? తన ముఠాలోని మిగతా అన్నదమ్ముల కూనలను చంపింది. ఈ అన్నదమ్ముల అనురాగాన్ని కథలుగా చెప్పుకునేవాళ్లు ఈ ఘట్టాన్ని దాటేస్తారు. 2012లో మిస్టర్ టీ కూడా కొత్తగా వచ్చిన మగవాటి చేతిలోనే చచ్చింది.

కూనలను చంపడంలో కొత్త మగవాటికి లాభముంది. తల్లి త్వరగా ఎదకు వస్తుంది. గిర్ ఆడసింహాలు దీనికి విరుగుడు కనిపెట్టాయి. అక్కడ మగవి ఆడవాటి మందతో కలిసి కాపురముండవు, వేరుగా తిరుగుతాయి. దాంతో ఒక్కో ఆడసింహం చుట్టుపక్కల ఉన్న ప్రత్యర్థి జట్లన్నిటితోనూ జతకడుతుంది. పుట్టిన కూనలు ఎవరివో ఏ మగదానికీ తెలియదు. అందుకే ఆ తల్లిని ఎరిగిన జట్లేవీ దాని కూనల జోలికి పోవడం లేదు.