పందెపు లెక్కలో లేని యంకె

పందెగాండ్రు తమది జూదము కాదు, శాస్త్రమందురు. కుక్కుటశాస్త్రము విప్పి డేగయా, కాకియా, నెమలియా యని ఈకల వన్నె చూతురు, తిథివారములు గుణింతురు, పిమ్మట రూకలొడ్డుదురు. ఈ గణితమున నొక యంకె లోపించినదని మేమందుము. అది కత్తి.

2021 ఫిబ్రవరిలో, పూర్వము కరీంనగరు జిల్లాలోనిదై నేడు జగిత్యాల జిల్లాలోనున్న లొత్తునూరులో, కాలికి కత్తి గట్టిన పందెపుకోడి తప్పించుకొనబోవగా, దానిని పెంచినవానికే తొడమూలమున గాయమై, నెత్తురోడి యతడు మరణించెను. రక్షకభటులు కోడిని ఠాణాలో నుంచి మేపిరి. దేశదేశముల పత్రికలు దీనిని వింతవార్తగా నచ్చొత్తినవి. మేము నవ్వలేకపోతిమి. ఆ యింటి ఇల్లాలికి ఏ వన్నె కోడి శుభమో ఏ శాస్త్రము చెప్పును?

ఇది పల్లెటూరి మోటుతనమని మన యింటి పట్టభద్రుడు ఈసడించును. ఆతడు మాత్రము చేతిఫోనున, పంజరములో పిడిగ్రుద్దులాడు పరదేశపు మల్లుల యెత్తు, బరువు, చేతినిడివి, గెలుపోటములు తూచి పందెము వేయును! ఇదియు కుక్కుటశాస్త్రమే కదా. మల్లుడు తానై దిగును, కోడిని దింపుదురు, భేదమంతే. 1974 నాటి జూద చట్టమును 2017లో సవరించి తెలంగాణమున అంతర్జాలపు పందెములను గూడ నిషేధించిరి. చట్టము గడప వెలుపలనే నిలిచిపోయినది.

పలనాటి నాయకురాలు నాగమ్మ ఈ ప్రాంతపు ఆరవెల్లి యాడుబిడ్డయని ప్రతీతి. కోడిపోరున మొదలైన పగ కుటుంబములను కూల్చిన ఆ కథను మనవారు కన్నీటితో విందురు. తెల్లవారగనే కోడికి కత్తి గట్టుదురు.